అంబాసిడర్‌కి 17 అంగుళాల చక్రాలు: చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. స్కూల్లో టీచర్ని. చేతికి 68 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 14,500, ఇంటి ఖర్చు 32 వేలు, ఇన్సూరెన్సులకి నెలకి 4 వేలు, చీటీకి 5 వేలు పోతాయి. లక్ష రూపాయల చీటీ, 20 నెలలు, ఇప్పటికి 7 కట్టాను. ఎఫ్‌డీ 1.8 లక్షలు ఉంది. పాప ప్లస్ టూ రెండో సంవత్సరం. నాన్నగారు 1991లో కొన్న పెట్రోలు అంబాసిడర్ నోవా, ఓఆర్ 07 నంబరుది, ఇంకా నడుస్తోంది. దానికి 17 అంగుళాల అల్లాయ్ వీల్స్, 215/60 టైర్లు వేయించాలని చాలా రోజుల కోరిక. విశాఖలో షాపువాళ్లు నాలుగింటికీ కలిపి 96 వేలు చెప్పారు. చీటీ ఇప్పుడు పాడితే 82 వేలు చేతికొస్తాయి. చీటీ పాడనా, ఎఫ్‌డీ తీయనా, పర్సనల్ లోను తీసుకోనా? చక్రాలు మారిస్తే బండి రేటు కూడా పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు.

జవాబు: మాస్టారూ, డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో తర్వాత చూద్దాం. ముందు ఆ 96 వేలు చివరికి ఎంత అవుతాయో చూడాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకున్న కథ మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. పిల్లికి పాలు కావాలని ఆవు, ఆవుని చూసుకోడానికి పెళ్లాం. పాత కారుకి పెద్ద చక్రాలు వేయించడం అచ్చం ఆ కథే.

ఒక పని చేయండి. కొలత టేపు తీసుకుని మీ బండి టైరుని నేల నుంచి పైఅంచు దాకా కొలవండి. షాపువాళ్లు చెప్పిన టైరు ఎత్తు కాగితం మీదే తేలిపోతుంది. 17 అంగుళాల రిమ్ము అంటే 432 మిల్లీమీటర్లు. టైరు పక్కగోడ ఎత్తు దాని వెడల్పు 215లో 60 శాతం, అంటే 129. పైనా కిందా కలిపి 258. మొత్తం 690 మిల్లీమీటర్లు. మీ టేపులో 660 వచ్చిందనుకోండి, కొత్త టైరు 30 మిల్లీమీటర్లు పెద్దదన్నమాట, అంటే నాలుగున్నర శాతం. మీటర్లో 60 చూపిస్తుంటే బండి నిజానికి 62, 63 మీద పోతుంటుంది. వంద కిలోమీటర్లు తిరిగితే మీటరు 96 దగ్గరే ఆగుతుంది కాబట్టి, మైలేజీ పడిపోయిందని మీరు ఆ మెకానిక్‌తోనే గొడవ పడతారు. రిమ్ము పెంచినా టైరు మొత్తం ఎత్తు పెరక్కూడదు. తేడా రెండు మూడు శాతం దాటితే ఆ సైజు వద్దని నా మాట.

ఎత్తుతో అయిపోదు. 215 అంటే వెడల్పు. మీ బండికి పవర్ స్టీరింగ్ లేదు, వెడల్పు టైరుతో బజారులో వెనక్కి ముందుకి తిప్పేసరికి భుజాలు పడిపోతాయి. స్టీరింగ్ ఫుల్లుగా కోసినప్పుడు టైరు లోపల ఎక్కడైనా తగిలితే మడ్‌గార్డు అంచు కొట్టాలి, లేదా స్పేసర్లు (చక్రానికీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లలు) పెట్టి చక్రాన్ని బయటికి లాగాలి. బయటికి లాగితే బేరింగుల మీద, ముందు సస్పెన్షన్ మీద బరువు పెరుగుతుంది. ఒకసారి నా బైకుకి సరదాపడి వెడల్పు టైరు వేయించాను. టైరుకి పెట్టిందానికంటే తర్వాత చైను, మడ్‌గార్డు, బేరింగులకి పెట్టిందే ఎక్కువ. ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ ఎత్తి చూపుతారు.

మరి స్టెప్నీ? 96 వేలు నాలుగింటికే అన్నారు. పాత 15 అంగుళాల స్టెప్నీ వెనక చక్రానికి బిగిస్తే రెండు వైపులా ఎత్తు వేరై డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలూ వేరు వేగాలతో తిరగడానికి ఉండే గేర్లు) తిన్నగా పోయే రోడ్డు మీద కూడా తిరుగుతూనే ఉంటుంది. మోహనా వైపు ఘాట్‌లో పంక్చరైతే మీకే టెన్షన్. కాబట్టి ఐదో చక్రం కూడా లెక్కలో వేసుకోండి. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మీకిచ్చిన కొటేషన్ అంతకుముందుదైతే మళ్లీ రాయించుకోండి.

మీరు అడగని ఖర్చు ఒకటుంది. 1991 బండికి పదిహేనేళ్లు 2006లో నిండాయి. అక్కణ్ణుంచి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అంటే ఈ 2026లో మళ్లీ వచ్చింది. 2021లో ఆ ఫీజు 600. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి 10 వేలు చేశారు. రెన్యువల్‌కి బండిని ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన టైర్లతో అక్కడికెళ్లి వాదన పెట్టుకోవడం దేనికి?

ఇన్సూరెన్సు కాగితం కూడా ఒకసారి తీసి చూడండి. ఇంత పాత బండికి చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. మీదీ అదే అయితే గుంతలో పడి అల్లాయ్ పగిలినా, రాత్రి ఎవడైనా విప్పుకుపోయినా ఒక్క రూపాయి రాదు.

ఇక డబ్బు సంగతి. చీటీ పాడితే 18 వేలు కోత, పైగా మిగిలిన 13 నెలలూ 5 వేలు కడుతూనే ఉండాలి. వచ్చిన 82 వేలకి మళ్లీ 14 వేలు ఎక్కడో తేవాలి. పర్సనల్ లోను 15 శాతానికి, రెండేళ్లకి దొరికిందనుకుంటే నెలకి 4,655, మొత్తం మీద వడ్డీయే 15,700 దాటుతుంది. మీ కట్టుబళ్లు, ఇంటి ఖర్చు కలిపి నెలకి 55,500. అత్యవసరానికి ఆరు నెలల ఖర్చు, అంటే 3.33 లక్షలు పక్కన ఉండాలి. మీ దగ్గరున్నది అందులో సగం చిల్లర. వచ్చే ఏడాది పాప కాలేజీ ఫీజుకి ముందు ఆ ఎఫ్‌డీ కదిపితే మళ్లీ బంగారం తాకట్టు దాకా వెళ్తుంది. మూడు దారులూ నేను వద్దంటాను. చీటీ చివరిదాకా ఉంచి, కమీషన్ పోను వచ్చింది ఫీజుకి వాడండి.

కోరికని చంపుకోమనడం లేదు, నాన్నగారి బండి కదా. నెలకి మీకు 12,500 మిగులుతోంది. అందులో 8,500 ఎఫ్‌డీ వైపు వెళ్లాలి, 4 వేలు బండి పేరు మీద ఆర్‌డీ కట్టండి. ఏడాదికి 48 వేలు. ముందు రెన్యువల్, తర్వాత బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బుష్‌లు. టైర్లు అరిగి ఉంటే ఇప్పుడున్న 15 అంగుళాల రిమ్ములకే, అదే ఎత్తులో రేడియల్ టైర్లు దొరుకుతాయేమో అడగండి. బండి నడక అక్కడే మారిపోతుంది.

రేటు పెరుగుతుందన్న మాట మాత్రం నమ్మకండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పాత బండి కొనేవాడు అసలు డిస్కులు (కంపెనీ రిమ్ములు), అసలు హబ్ క్యాపులు ఉన్నాయా అనే చూస్తాడు. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు నిండాలి, మీ బండికి అది 2041. ఎప్పటికైనా అల్లాయ్‌లు వేయించినా ఆ ఐదు పాత డిస్కులూ షాపువాడికి మార్పిడి కింద ఇవ్వకండి. గ్రీజు రాసి, గోనెసంచి కట్టి అటక మీద పెట్టించండి.