థెరపీ సెంటర్లో కొత్తగా చేరిన ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్)ని, పేషెంట్లకి, తోటి థెరపిస్టులకి న్యాయం జరిగేలా నేనేం చేయగలను?

ఓటీ, అంటే జబ్బు లేదా వైకల్యం ఉన్నవాళ్లు రోజువారీ పనులు చేసుకోగలిగేలా నేర్పే చదువు, చదివి వైజాగ్‌లో ఒక సెంటర్లో చేరారు, సమానత్వం గురించి కాలేజీలో చాలా విన్నారు, ఇక్కడ చూస్తే ఫీజు కట్టగలిగినవాళ్లే వస్తున్నారు, జూనియర్‌ని నేనేం మార్చగలను అని అడిగారు. ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మీరు చేయగలిగింది చాలానే ఉంది. ఎవరి బతుకుని కొలతగా పెట్టుకుని మనిషిని చూస్తున్నాం అన్న దగ్గరే అన్యాయం మొదలవుతుంది, ఆ కొలత రాసే ఫైలు రోజూ మీ చేతిలోనే ఉంటుంది.

పక్షవాతం కేసుల్లో, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలవడానికి మనం వాడే బార్తెల్ ఇండెక్స్ చూడండి. 1965లో అమెరికాలో వచ్చింది, 10 అంశాలు, 100 మార్కులు. మంచి స్కేలే, నేనూ వాడతాను. అందులో మంచం మీంచి కుర్చీలోకి మారడం ఉంది, నేల మీద కూర్చుని లేవడం లేదు. పెదజాలారిపేటలో వల బాగుచేసుకుని బతికే ఆయనకి కింద కూర్చోవడం రాకపోతే పనే లేదు. 90 వచ్చిందని డిశ్చార్జ్ రాసేస్తే కాగితం మీద కోలుకున్నట్టే, ఇంట్లో మాత్రం కుర్చీకే పరిమితం. అందుకే స్కేలు పక్కన ఇంకో ప్రశ్న పెట్టుకోండి: జబ్బు రాకముందు పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం పనులు చేసేవారు, వాటిలో ముందు ఏది తిరిగి రావాలి? ఆడవాళ్ల ఫైల్లో వంట, మగవాళ్ల ఫైల్లో ఉద్యోగం అని అడక్కుండానే గోల్స్ రాసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. చేతి నరం తెగి వచ్చిన ఒకావిడ పూర్ణా మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది, ఆవిడకి కావాల్సింది తక్కెడ ఎత్తడం, గబగబా చిల్లర లెక్కపెట్టడం. చపాతీ కర్రతో చేయించే ఎక్సర్‌సైజ్ ఆవిడకెందుకు?

ఇక దూరం సంగతి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పాడేరు వైపు నుంచి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా కదలని స్థితి) ఉన్న బాబుని తీసుకుని వంద కిలోమీటర్ల పైన బస్సులో వస్తారు, వచ్చిన రోజు తల్లిదండ్రులిద్దరి కూలీ పోతుంది, మనమేమో వారానికి మూడు సెషన్లు రావాలని చెప్పి పంపిస్తాం. కొన్నాళ్లకి మానేస్తారు. అప్పుడు ఫైల్లో ఏం రాస్తామో తెలుసా, ‘పేరెంట్స్ నాన్ కోఆపరేటివ్’ అని. ఆ మాట మీరు మాత్రం ఎప్పుడూ రాయకండి, దూరం వల్ల, కూలీ పోతున్నందువల్ల ఆగిపోయారు అని ఉన్నది ఉన్నట్టు రాయండి, ఎందుకంటే రేపు ఆ ఫైలు చదివే డాక్టరు ఆ తల్లిని చూసే చూపు దాన్ని బట్టే ఉంటుంది. అలాంటివాళ్లకి ఒకే రోజు ఎక్కువ టైమ్ ఇవ్వండి, వాళ్లింట్లో ఉండే పీట, పాత చీరలతోనే కూర్చోబెట్టడం నేర్పండి, వాళ్ల ఫోన్లోనే వీడియో తీసివ్వండి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లుంటే ఆ భాష వచ్చిన పెద్దవాళ్లెవరినైనా పిలిపించండి, పక్కనున్న పదేళ్ల అక్క చేత చెప్పించకండి.

ప్రభుత్వం ఇచ్చేవి కూడా చెప్పాలి, సెంటర్ వాళ్లకి నచ్చకపోయినా సరే. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీల్లో, స్కూళ్లలో పిల్లల్ని చూసి, ఎదుగుదల లోపాలుంటే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపుతారు, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఈ పేరు కూడా వినని తల్లిదండ్రులు చాలామంది.

మనలో మనకి జరిగేవి కూడా దాచక్కర్లేదు. నేను జూనియర్‌గా ఉన్న ఒక సెంటర్లో కొత్తగా వచ్చినవాళ్లని ఇంటిపేరేంటి, మీదే ఊరు అని తిప్పి తిప్పి కులం ఆరా తీసేవారు, ఆ తర్వాత కొన్ని ఇళ్లకి హోమ్ విజిట్‌కి ఒక దళిత అమ్మాయిని పంపేవారు కాదు, ‘వాళ్లు ఫీలవుతారు’ అని. మన పనే మనిషిని ముట్టుకుని చేసేది, ఇంక దీన్ని ఎలా ఒప్పుకుంటాం? మేం నలుగురం కలిసి వెళ్లి విజిట్లు వంతులవారీగా వేయమని అడిగాం, లేదంటే ఆ ఇళ్లకి మేమెవరం వెళ్లం అన్నాం. వంతులు వేశారు. ఆ అమ్మాయి ఒక్కతే అడిగి ఉంటే ఉద్యోగం పోయేది, అందుకే మీరు కూడా ఇలాంటివి ఒంటరిగా అడగకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సెంటర్లో పెట్టమంటే ఇవ్వకండి, జీతం, పని గంటలు రాసిన అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోండి. మీ సెంటర్ మేడ మీద ఉండి లిఫ్ట్ లేకపోతే కింద ఒక గది అడగండి, వీల్‌చైర్‌లో వచ్చే పేషెంట్‌కే కాదు, రేపు వీల్‌చైర్‌లో ఉన్న ఓటీ ఎవరైనా ఉద్యోగానికి వస్తే ఆవిడకీ అదే కావాలి.