రోల్‌బ్యాక్ అయినా రిక్వెస్ట్ వెళ్లిపోతుంటే

డేటాబేస్‌లో ఆర్డర్ రోల్‌బ్యాక్ అవుతోంది (అంటే రద్దయి వెనక్కి పోతోంది), గోదాముకి వెళ్లే సోప్ రిక్వెస్ట్ (ఎక్స్‌ఎంఎల్ రూపంలో పంపే వెబ్ సర్వీస్ మెసేజ్) మాత్రం అప్పటికే వెళ్లిపోతోంది అని అడిగారు కదా. మీ జావా కోడ్‌లో తప్పేమీ లేదండి. హెచ్‌టీటీపీ మీద మామూలుగా పంపిన రిక్వెస్ట్‌ను జేటీఏ (జావాలో ట్రాన్సాక్షన్లను, అంటే అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదనే పనుల గుంపులను, నడిపే ఏర్పాటు) వెనక్కి తేలేదు.

ఆ రిక్వెస్ట్‌ను జేఎంఎస్ (జావా మెసేజింగ్) క్యూ మీదకి మార్చండి. క్యూకి కనెక్షన్ ఇచ్చే కనెక్షన్ ఫ్యాక్టరీ, డేటాబేస్‌కి కనెక్షన్ ఇచ్చే డేటా సోర్స్ రెండూ ఎక్స్‌ఏ రకానివే (ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిసి పాల్గొనగలిగేవి) పెట్టండి. ఆపరేషన్‌ను వన్‌వే (జవాబు ఆశించనిది) చేసి, అది క్లయింట్ ట్రాన్సాక్షన్‌లోనే వెళ్లేలా మీ సర్వర్‌లో సెట్ చేయండి. అప్పుడు ట్రాన్సాక్షన్ కమిట్ (ఖరారు) అయ్యాకే మెసేజ్ అవతలివాళ్లకి కనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి: అదే ట్రాన్సాక్షన్‌లో జవాబు కోసం ఎదురుచూడొద్దు. కమిట్ కాకుండా రిక్వెస్ట్ బయటికి రాదు, జవాబు రాకుండా మీ కోడ్ కమిట్ దాకా వెళ్లదు. చివరికి టైమవుటే. మాదాపూర్‌లో మా టీమ్ రెండు రాత్రులు నిద్ర మానుకుని వెతికింది దీన్నే. జవాబు కావాలంటే వేరే క్యూలో, వేరే ట్రాన్సాక్షన్‌లో తీసుకోండి.

అవతలి వైపు ప్రాసెసింగ్ ఫెయిలైతే అదే మెసేజ్ మళ్లీ రావచ్చు. అందుకే ఆర్డర్ నంబర్ చూసి రెండోదాన్ని వదిలేయమని గోదాము టీమ్‌కి చెప్పండి.

గోదాము వైపు మెసేజ్‌లు తీసుకోవడం ఆపి, కమిట్‌కి ముందు కావాలనే ఒక ఎక్సెప్షన్ (ఎర్రర్) వేసి చూడండి. క్యూ ఖాళీగా ఉంటే సెట్టింగ్ పనిచేస్తున్నట్టే. మెసేజ్ కనిపిస్తే ముందు ఆ కనెక్షన్ ఫ్యాక్టరీనే చూడండి.