మూడు ఓమ్ని చక్రాల రోబోని పక్కకి వెళ్లమంటే గుండ్రంగా తిరుగుతోంది, ఎందుకు?

ఓమ్ని చక్రాలు (అంచున చిన్న రోలర్లుండి పక్కకి కూడా దొర్లేవి) 120 డిగ్రీల ఎడంతో బిగించారు, ముందుకి బాగానే పోతోంది, పక్కకి వెళ్లమంటే మాత్రం ఉన్నచోటే తిరిగిపోతోంది, కోడ్‌లో లెక్క తప్పిందా అని అడిగారు. లెక్క సరిగ్గానే ఉండొచ్చు. నేను ఇదే సమస్యతో మూడు వారాలు కుస్తీ పట్టాను, సైన్లు కాస్‌లు కాగితం మీద మళ్లీ మళ్లీ వేసి చూసుకున్నాను, చివరికి తప్పు మోటార్ల దగ్గర దొరికింది.

ఒక చక్రం వెనక, రెండు ముందు ఉన్నాయనుకోండి. ముందుకి వెళ్లేటప్పుడు ముందు చక్రాలు రెండే పని చేస్తాయి, అదీ సమాన వేగంతో, వెనకది తిరగకుండా తన అంచున ఉన్న చిన్న రోలర్ల మీద దొర్లుతూ వస్తుంది. పక్కకి వెళ్లాలంటే వెనక చక్రం ఎంత వేగంతో తిరుగుతుందో ముందువి రెండూ అందులో సగం వేగంతో, వ్యతిరేక దిశలో తిరగాలి. చిక్కంతా ఈ సగం దగ్గరే. నేను వెనక మోటార్‌కి పీడబ్ల్యూఎం (మోటార్‌కి ఎంత శక్తి ఇవ్వాలో చెప్పే అంకె, 0 నుంచి 255 దాకా) 110 ఇచ్చాను, అంటే ముందువాటికి 55. ఆ 55కి నా గేర్ మోటార్లు కదల్లేదు, చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా కీమని శబ్దం మాత్రం వచ్చింది. వెనక చక్రం ఒక్కటే తోస్తుంటే రోబో తిరగక ఏం చేస్తుంది?

మీరూ ఇలా చూడండి. ప్రతి చక్రం మీద తెల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టి, రోబోని డబ్బా మీద ఎత్తి ఉంచి, మూడింటికీ ఒకే పీడబ్ల్యూఎం ఇచ్చి 10 సెకన్లలో ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టండి. నాకు 15, 14, 12 వచ్చాయి, మూడూ ఒకేసారి కొన్న ఒకే రకం మోటార్లు! తర్వాత పీడబ్ల్యూఎం మెల్లగా తగ్గిస్తూ ఏ అంకె దగ్గర ఏ మోటార్ ఆగిపోతోందో రాసుకోండి. నేల మీద రోబో బరువు కూడా పడుతుంది కాబట్టి అక్కడ ఇంకా ముందే ఆగిపోతాయి.

ఆ అంకెని కోడ్‌లో కలిపేస్తే కొంతవరకు నడుస్తుంది, కానీ రెండు సెల్స్ లిథియం ప్యాక్ 8.4 వోల్టుల నుంచి 7 దాకా దిగేలోపు ఆ అంకె మారిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. నా మాట వింటే ఎన్‌కోడర్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) ఉన్న మోటార్లు వేసి, ఒక్కో చక్రానికి విడిగా పీఐడీ (కావాల్సిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా చూసి సరిచేసే లెక్క, అందులో పీ, ఐ, డీ అని మూడు భాగాలు) పెట్టండి. 20 మిల్లీసెకన్లకోసారి వేగం చూసి సరిచేస్తే చాలు, నాకు డీ అవసరం పడలేదు, పీ, ఐ సరిపోయాయి. ఆర్డుయినో ఊనో బోర్డులో బయటి ఇంటరప్ట్ పిన్నులు (సిగ్నల్ మారగానే పట్టుకునేవి) రెండే, 2, 3. మూడు ఎన్‌కోడర్లకి అది ఇబ్బంది, అందుకే నేను ఈఎస్పీ32 బోర్డుకి మారాను.

మోటార్లకి కరెంటు అందించే డ్రైవర్ బోర్డు ఎల్298ఎన్ అయితే అదీ మార్చండి. దానిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి, తక్కువ వేగంలో మోటార్‌కి మిగిలేది ఏమీ ఉండదు. టీబీ6612 డ్రైవర్‌లో నష్టం చాలా తక్కువ, కాకపోతే ఒక్కో బోర్డు రెండు మోటార్లకే, మీకు రెండు బోర్డులు కావాలి.

కోడ్‌లో ఒక్కటి మాత్రం చూసుకోండి. లెక్కలో 300, 150, 150 వచ్చిందనుకోండి, 300ని 255 దగ్గర కత్తిరించి మిగతా రెండూ అలాగే వదిలేస్తే నిష్పత్తి పోతుంది, రోబో వంకర తిరుగుతుంది. మూడింటినీ 255/300తో గుణించాలి. వేగం పెంచినప్పుడు మాత్రమే దారి తప్పుతోందంటే కారణం చాలావరకు ఇదే.

ఇవన్నీ చేశాక కూడా నున్నటి నేల మీద కొంచెం పక్కకి ఒరుగుతుంది, ఎందుకంటే చక్రం జారితే ఆ సంగతి ఎన్‌కోడర్‌కి తెలియదు. దానికి ఎంపీయూ6050 లాంటి గైరో (రోబో ఎంత తిరిగిందో పసిగట్టే సెన్సర్) పెట్టి కోణం పట్టి ఉంచాలి, కానీ చక్రాల వేగం కుదిరేదాకా దాని జోలికి వెళ్లకండి.