ఆటగాళ్లు ఆట వదిలేసి ఫ్యాషన్ మీద పడ్డారా?

ప్రశ్న అడిగినవారు టాటూలు, గడ్డాలు, రంగు బూట్లు, నల్ల కళ్లద్దాలు అన్నింటినీ ఒకే గాటన కట్టి, ఆట దెబ్బతింటోందని తేల్చేశారు. కళ్లద్దాల గురించి నేను చెబుతాను. క్రికెటర్ శ్రేయస్ అయ్యర్ నల్ల కళ్లద్దాలతో బ్యాటింగ్‌కు దిగిన రోజు నేను అనంతపురం ఆర్డీటీ మైదానంలోనే ఉన్నాను.

2024 సెప్టెంబరులో దేశవాళీ క్రికెట్ టోర్నీ దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మా ఊరికి వచ్చాయి. ఈ జిల్లాలోనే ఒక ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. హెడ్మాస్టరు గారి అనుమతితో కబడ్డీ, క్రికెట్ ఆడే పిల్లలను తీసుకెళ్లాను. ఇండియా ఎ మీద ఇండియా డి బ్యాటింగ్ చేస్తోంది. వికెట్ పడగానే కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ దిగాడు. హెల్మెట్ జాలీ వెనక నల్ల కళ్లద్దాలు! మా పిల్లలు లేచి నిలబడి కేకలు వేశారు. వెనక వరుసలోని కుర్రవాళ్లయితే ఈలలతో చెవులు హోరెత్తించారు. ఏడో బంతిని మిడాన్ మీదుగా లేపబోయాడు. బౌలర్ ఖలీల్ అహ్మద్‌కు వికెట్, అయ్యర్‌కు సున్నా.

అతను ఇంకా మైదానం దాటలేదు, ఆ ఈలలు వేసినవాళ్లే మొదలుపెట్టారు. "అద్దాలు పెట్టుకుంటే బంతి కనబడుతుందా?" "ఆడటానికి వచ్చాడా, షోకులు చూపించడానికి వచ్చాడా?" ఆ రాత్రి ఎవరి ఫోను చూసినా అదే ఫొటో, అవే వెక్కిరింతలు.

అంతకు వారం ముందు ఇదే మైదానంలో అతను అర్ధసెంచరీ కొట్టాడు. అప్పుడు అతని వేషం గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలలకు ఐపీఎల్ వేలంలో 26.75 కోట్లు పలికాడు. 2025 చాంపియన్స్ ట్రోఫీలో 243 పరుగులతో మన జట్టులో అందరికంటే ఎక్కువ స్కోరు అతనిదే. ఆ రోజు లేపకూడని బంతిని లేపినందుకు అవుటయ్యాడు, అంతే. మా ఊరి ఎండలో ఫీల్డర్లు రోజంతా నల్లద్దాలతో నిలబడితే తప్పు లేదు, బ్యాటర్ పెట్టుకుంటే షోకు! ఇదేం న్యాయం?

నాకు అంత కోపం ఎందుకు వచ్చిందంటే, ఆ మాట మా పిల్లల మీద ఎప్పుడూ వింటూనే ఉంటాను. కబడ్డీలో మా అమ్మాయిలు ఓడిన ప్రతిసారీ "ఆ నిక్కర్లేమిటి టీచర్, సిగ్గుతో కాళ్లు కదిలాయా వాళ్లకు?" అని ఎవరో ఒక పెద్దాయన అడుగుతారు. గెలిచిన రోజు నిక్కర్ల ఊసే రాదు. నిక్కరు కింద లెగ్గింగ్స్ వేసుకుంటానని అమ్మాయే అంటే నాకు సంతోషమే. కానీ ఆ మాట అమ్మాయి అనాలి.

పైస్థాయిలోనూ ఇదే పెత్తనం. 2005లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా పొట్టి స్కర్టు మీద ఎంత రభస జరిగిందో గుర్తుందా? 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య తిరగేసి మొదలుపెట్టింది. మహిళలు స్కర్టులే వేయాలని నియమం పెట్టి, నిరసనలు వచ్చాక వెనక్కి తీసుకుంది. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీకి బదులు నిక్కర్లు వేసుకున్నందుకు 1,500 యూరోల జరిమానా పడింది. ఒకరు కప్పుకోమంటారు, ఇంకొకరు విప్పమంటారు. ఆడే మనిషిని అడిగేవారు లేరు. అందుకే ఆటగాళ్లు తమకు నచ్చినట్టు తయారవుతుంటే నాకు పొగరు కనబడదు, హక్కు కనబడుతుంది.

మగపిల్లల విషయానికి వస్తే, ధోనీ జుట్టు తీసుకోండి. 2006లో లాహోర్‌లో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ ఆ జుట్టు కత్తిరించుకోవద్దని సలహా ఇచ్చాడు. ఆ రోజుల్లో అనంతపురంలో ఏ సెలూన్‌కు వెళ్లినా గోడ మీద ఆ జులపాల బొమ్మే. రాంచీ కుర్రవాడు పెద్ద నగరాల బాబుల్లా తల దువ్వుకోకుండానే దేశం తరఫున ఆడాడు. మా ఊళ్ల పిల్లలు అందులో చూసుకున్నది తమనే. క్రికెట్‌లో రంగు దుస్తులు 1970ల చివర్లో వచ్చినప్పుడు పైజామాలని ఎగతాళి చేశారు. ఇప్పుడు తెల్ల దుస్తుల్లో వన్డే ఆడమంటే చూసేదెవరు?

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పోటీలకు మాకిచ్చే కిట్లు అబ్బాయిల కొలతలతో వస్తాయి. టీషర్టు మోకాళ్ల దాకా జారుతుంటే మా అమ్మాయిలు నడుము దగ్గర ముడివేసుకుని ఆడతారు. చాలాచోట్ల బట్టలు మార్చుకునే గదే ఉండదు. నలుగురు చుట్టూ చున్నీలు పట్టుకుని నిలబడితే ఐదో అమ్మాయి మధ్యలో మార్చుకుంటుంది. కోహ్లీ టాటూ మీద చర్చించేవారు ఒక్కసారి ఆ గది గురించి అడగండి.

2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నప్పటి నుంచి మా పిల్లలందరికీ ఆమె పేరున్న జెర్సీయే కావాలి. ఇక్కడి దుకాణాల్లో మగవాళ్ల సైజులే చూపిస్తున్నారు. పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయిల కొలతలకు కుట్టి, పేరు ముద్రించి ఇచ్చేవారు కర్నూలులోనో కడపలోనో తెలిస్తే కింద రాయండి. ఖరీదు కూడా చెప్పండి.