మీరు అడిగారు: బడిలో న్యాయం గురించి మాట్లాడితే రాజకీయమా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బడిలో, కాలేజీలో సామాజిక న్యాయం గురించి ఎలా చెప్పాలి? పిల్లల్ని పౌరులుగా పాల్గొనేలా ఎలా చేయాలి? కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని. నా పక్షపాతాలు నాకున్నాయి, చదువుతుంటే మీకే తెలుస్తాయి.

ప్రశ్న: మేడమ్, నేను ఎనిమిదో తరగతికి పాఠాలు చెప్తాను. సమానత్వం పాఠంలో, ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ జీతం ఎందుకు అని చర్చ పెట్టాను. మర్నాడు ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి "పిల్లలకు రాజకీయాలు ఎక్కిస్తున్నారు" అన్నారు. హెడ్మాస్టరుగారు "పుస్తకంలో ఉన్నది చదివించి ఊరుకోండి" అన్నారు. అసలు నేను ఎంతవరకు మాట్లాడవచ్చు?

జవాబు: ఈ గొడవ మీ ఒక్కరిదే కాదు. 1970లలో జర్మనీలో ఇదే విషయం మీద పెద్ద తగువు నడిచింది. బడిలో రాజకీయ విద్య ఎలా ఉండాలన్న దాని మీద వేర్వేరు పార్టీల వైపు మొగ్గు ఉన్న విద్యావేత్తలు ఒకరి మాట ఒకరు వినే స్థితిలో లేరు. 1976లో వాళ్లందరూ బాయిటెల్స్‌బాఖ్ అనే చిన్న ఊళ్లో కూర్చుని మాట్లాడుకున్నారు. తీర్మానం చేయలేదు, ఎవరూ సంతకాలు పెట్టలేదు. ఆ సమావేశంలో అందరూ ఒప్పుకున్నట్టు తనకు అనిపించిన మూడు విషయాలను హాన్స్-గేయోర్గ్ వేలింగ్ అనే ఆయన మరుసటి ఏడాది ఒక వ్యాసంలో రాశాడు. జర్మనీలో టీచర్లు ఇప్పటికీ వాటినే పట్టుకుని నడుస్తున్నారు.

మొదటిది, విద్యార్థిని ఊపిరాడకుండా చేసి మన అభిప్రాయం వైపు లాక్కురాకూడదు. రెండోది, సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనబడాలి. మూడోది, విద్యార్థి తన స్థితి ఏమిటో, తనకేది మేలో తేల్చుకుని, దాని కోసం ఏం చేయవచ్చో ఆలోచించగలగాలి. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. మూడోదాన్ని మాత్రం హాయిగా మర్చిపోతారు, ఎందుకంటే అది పిల్లల చేతికి పని ఇస్తుంది.

ఇప్పుడు మీ చర్చ సంగతి. రెండో సూత్రాన్ని పట్టుకుని కొందరు అన్నిటికీ రెండు వైపులు ఉంటాయంటారు. ఉండవు. సమానమైన పనికి సమానమైన వేతనం అన్నది 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో 23వ అధికరణంలోనే ఉంది. 1951లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దీనికోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందమే తెచ్చింది. కాబట్టి "ఆడవాళ్లకు తక్కువ ఇవ్వడం సరైనదేనా" అని పిల్లలతో డిబేట్ పెట్టించి, ఒక జట్టు చేత "సరైనదే" అనిపించాల్సిన అవసరం లేదు. ఆ తేడా ఎందుకు పోవడం లేదు, పోగొట్టడానికి చట్టం చాలా, తనిఖీలు కావాలా, కార్మిక సంఘాలా, జీతాల వివరాలు బయటపెట్టడమా అన్న దగ్గర మాత్రం నిజంగానే భిన్నాభిప్రాయాలున్నాయి. అక్కడ మీరు అన్ని వైపుల వాదనలూ బలంగా చెప్పాలి, మీకు నచ్చని వాదన కూడా.

నేను టీచర్లకు ఒక చిన్న పరీక్ష చెబుతుంటాను. ఏడాది చివర్లో "మేడమ్ ఏ పార్టీకి ఓటేస్తారు" అని అడిగితే పిల్లలు చెప్పలేకపోవాలి. "మనిషిని పుట్టుకను బట్టి తక్కువ చేస్తే మేడమ్ ఒప్పుకుంటారా" అని అడిగితే ఒక్కరు కూడా తడుముకోకూడదు.

తల్లిదండ్రులను పిలిచి, ఆ రోజు పిల్లలకు ఇచ్చిన కాగితం, అడిగిన ప్రశ్నలు చూపించండి. సగం కోపం అక్కడే దిగిపోతుంది. వాళ్లకు ఇంటికి చేరేది పిల్లాడి నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యమే కదా. ఇంకొక జాగ్రత్త: మీ అమ్మకెంత, మీ నాన్నకెంత అని తరగతిలో ఎప్పుడూ అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో మంచి చర్చ కూడా పాడైపోతుంది. ఇక హెడ్మాస్టర్ల విషయానికొస్తే, నాకు తెలిసినంతలో వాళ్లు భయపడేది విషయానికి కాదు, ముందు తెలియకుండా మీద పడటానికి. ఒక పేజీ ప్లాన్ రాసి ముందు వారమే ఆయన బల్ల మీద పెట్టండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. ఓట్లు పెట్టి నన్ను స్కూల్ లీడర్‌గా ఎన్నుకున్నారు. బ్యాడ్జి ఇచ్చారు. కానీ నా పని లైన్లు సరిచేయడం, వార్షికోత్సవానికి కుర్చీలు వేయించడం, అంతే. లీడర్ అంటే ఇదేనా మేడమ్?

జవాబు: కాదమ్మా, నీ అనుమానం కరెక్టే. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాసిన ఒక చిన్న పుస్తకంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీశాడు. అడుగున ఉన్న మూడు మెట్లు పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు చోటివ్వడం. ఆ మూడూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. నీ బ్యాడ్జి ప్రస్తుతం ఆ చుట్టుపక్కలే ఉంది.

పైకెక్కాలంటే పెద్ద పోరాటం అక్కర్లేదు. పిల్లలు రోజూ ఎదుర్కొనే ఒక్క విషయం తీసుకో. మంచినీళ్ల పంపు దగ్గర పెద్ద క్లాసుల మగపిల్లలు ముందు తాగేసి, చిన్నవాళ్ల వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేసే సమస్య చాలా బడుల్లో నేను చూశాను. ఇద్దరు ఫ్రెండ్స్‌ని తీసుకుని వారంపాటు ఇంటర్వెల్‌లో నిలబడు. ఏ క్లాసు వాళ్లు ఎంతమంది నీళ్లు తాగకుండా వెనక్కి వెళ్తున్నారో లెక్క రాయి. ఆ కాగితంతో హెడ్మాస్టర్ దగ్గరకు వెళ్లి "ఇంటర్వెల్ టైమింగ్స్ మార్చే నిర్ణయం లీడర్ల కమిటీకి నెలపాటు ఇవ్వండి సార్, సరిగ్గా జరగకపోతే మళ్లీ మీరే మార్చండి" అని అడుగు. వాళ్లు కాదంటే కారణం అడుగు, మర్యాదగా. కారణం చెప్పించుకోవడం కూడా లీడర్ పనే. అలాగే, నీకు ఓటు వేయని క్లాసు వాళ్ల దగ్గరకు కూడా వెళ్లి అడగాలి సుమా.

ప్రశ్న: నేను యూనివర్సిటీలో లెక్చరర్‌ని. మా డిగ్రీలో సామాజిక సేవ తప్పనిసరి, గంటల లెక్కన క్రెడిట్లు ఇస్తాం. విద్యార్థులు ఒక బస్తీకి వెళ్తారు, ఊడుస్తారు, పుస్తకాలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. రిపోర్టులన్నీ "ఎంతో తృప్తి కలిగింది" అనే వాక్యంతో ముగుస్తున్నాయి. దీన్ని మార్చడం ఎలా?

జవాబు: నేను ఎదురుచూస్తున్న ఉత్తరం ఇది. ముందు ఆ తృప్తి వాక్యాన్ని నిషేధించండి. సరదాకి అనడం లేదు, మార్గదర్శకాల్లోనే రాయండి: "మీకేమనిపించింది అన్నది చివరి పేరాలో, అయిదు లైన్లకు మించకుండా."

మీ కార్యక్రమంలో అసలు లోపం గంటలు లెక్కపెట్టడం. గంటలు లెక్కపెడితే గంటలే వస్తాయి. ఏం చేయాలో ముందే విద్యార్థులు, లెక్చరర్లు నిర్ణయించేసి వెళ్తున్నారు. బస్తీ వాళ్లను అడిగిందెవరు?

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో జాన్స్ ఐలాండ్ అనే దీవి. అప్పట్లో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక భాగాన్ని చదివి చూపించాలి. నల్లజాతి వాళ్లను బడికి దూరంగా ఉంచిన సమాజమే, చదవలేరు కాబట్టి ఓటు లేదు అంది. ఆ దీవిలో బస్సు నడిపే ఈసా జెంకిన్స్ అనే ఆయన, సెప్టీమా క్లార్క్ అనే ఉపాధ్యాయురాలు, టెనెసీ రాష్ట్రంలో పెద్దవాళ్లకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్ అనే సంస్థ కలిసి 1957 జనవరిలో పెద్దవాళ్లకు ఒక తరగతి మొదలుపెట్టారు. సహకార దుకాణం వెనక గదిలో పెట్టారు, తెల్లవాళ్ల కంట పడకుండా. మొదటి టీచరుగా ఎవరిని పెట్టారో చూడండి: బెర్నీస్ రాబిన్సన్. ఆమె బ్యూటీషియన్, టీచర్ కాదు. ఆమె కూడా తనకు చదువు చెప్పడం రాదనే అంది. కావాలనే ఆమెను పెట్టారు, వచ్చినవాళ్లను చిన్నచూపు చూడకుండా వాళ్ల మాట వింటుందని.

ఆమె మొదట చేసింది, మీరేం నేర్చుకోవాలనుకుంటున్నారు అని అడగడం. తమ పేరు రాసుకోవాలన్నారు, బైబిల్ చదవాలన్నారు, మనీ ఆర్డర్ ఫారం నింపుకోవాలన్నారు. పిల్లల పుస్తకాలు పక్కనబెట్టి ఆ ఫారాలతోనే పాఠం మొదలుపెట్టింది. గోడకు విశ్వమానవ హక్కుల ప్రకటన తగిలించింది. ఆ తరగతికి వచ్చినవాళ్లు ఓటర్లయ్యారు. అలాంటి తరగతులు పక్క దీవులకూ, తర్వాత దక్షిణాది రాష్ట్రాలకూ పాకాయి. వాటిని పౌరసత్వ పాఠశాలలు అన్నారు. మనీ ఆర్డర్ ఫారానికీ ఓటు హక్కుకూ మధ్య ఉన్న దారిని పట్టుకున్న విద్య అది. మన సేవా కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఆ దారి వైపు చూడనే చూడవు.

అందుకని మీ విద్యార్థులను మొదటి రెండు వారాలు చీపుళ్లు లేకుండా పంపండి. వినడానికి మాత్రమే. చెత్త పేరుకుపోయిందని ఎవరైనా చెబితే, దాన్ని ఊడ్చే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. చెత్త ఎత్తాల్సింది ఎవరు? వాళ్ల బడ్జెట్ ఎక్కడ రాసి ఉంది? పక్క వీధికి వచ్చే బండి ఇక్కడికి ఎందుకు రావడం లేదు? ఇక్కడివాళ్లు ఇంతకుముందు ఫిర్యాదు చేశారా, ఏమైంది? మార్కులు ఈ ప్రశ్నలకు వాళ్లు సంపాదించిన జవాబులకు వేయండి. ఊడవద్దని నేననను. ఊడవడం దయ. బండి రప్పించుకోవడం హక్కు. ఆ రెంటికీ తేడా తెలియని పట్టభద్రుడు రేపు అధికారి కుర్చీలో కూర్చుంటే తన డ్యూటీని కూడా దానంలాగే చేస్తాడు.

ఇంకో మాట: బస్తీలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను రిపోర్టులు వినడానికి పిలవండి, వాళ్ల ఒక పూట కూలి పోకుండా యూనివర్సిటీ చెల్లించి. వాళ్లు ఎదురుగా కూర్చుంటే "వెనకబడిన ప్రజలు" లాంటి మాటలు మీ విద్యార్థుల నోటికి అంత తేలిగ్గా రావు.

ప్రశ్న: పిల్లల్ని కంటి రంగును బట్టి విడదీసి వివక్ష అంటే ఏమిటో చూపించిన ఒక అమెరికన్ టీచర్ వీడియో చూశాను. నా నాలుగో తరగతిలో అలాంటిదే చేయాలనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: వద్దు. ఆమె పేరు జేన్ ఎలియట్. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అయోవాలోని రైస్‌విల్‌లో తన మూడో తరగతిలో చేసిందా ప్రయోగం. అది చాలామందిని కదిలించింది, నన్ను కూడా. కానీ ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలను ముందుగా చెప్పకుండా అవమానించడం సరైనదేనా అని అప్పట్నుంచీ విమర్శ ఉంది, ఆ విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది. పైగా ఆ తరగతిలో అందరూ తెల్లపిల్లలే. మీ తరగతిలో ఇప్పటికే అవమానాలు పడుతున్న పిల్లలుండవచ్చు. వాళ్లకు అది ఆట కాదు. బదులుగా మీ తరగతి రోజు ఎలా గడుస్తుందో పిల్లలతోనే గమనింపజేయండి: ముందు బెంచీలో ఎవరు, ప్రశ్న అడిగితే మీరు ఎవరి వైపు చూస్తారు, గది ఊడ్చే పని ఎవరికి పడుతోంది. నాలుగో తరగతి పిల్లలు ఇవి మనకన్నా బాగా చెప్తారు. కాస్త టెన్షన్ పడాల్సింది మీరే.

ప్రశ్న: మా పదేళ్ల పాప రోజూ "ఇది అన్యాయం" అంటూ ఇంటికొస్తుంది. ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: వెంటనే తీర్పు చెప్పకండి. "నువ్వే జడ్జివైతే ఏం చేస్తావు, అవతలి పిల్ల ఏమంటుంది" అని అడగండి. వార్సాలో అనాథాశ్రమం నడిపిన యానుష్ కోర్చాక్ పిల్లలకు ఏకంగా కోర్టే పెట్టాడు. ఆ వారం కేసుల్లో లేని పిల్లల్లోంచి చీటీలు తీసి జడ్జీలను ఎంచుకునేవారు. ఆ కోర్టు నియమావళిలో ముందున్నవన్నీ క్షమించే సెక్షన్లే, శిక్షలు ఎక్కడో తర్వాత. పెద్దవాళ్ల మీదా కేసు పెట్టవచ్చు, కోర్చాక్ కూడా దాని ముందు నిలబడ్డాడు. మీ ఇంట్లోనూ ఆ వెసులుబాటు ఉంచండి.

ప్రశ్న: కాలేజీ లైబ్రరీ వేళలు తగ్గించారు. స్ట్రైక్ చేద్దామని కొందరం అనుకుంటే, లెక్చరర్లు "పౌర బాధ్యత అంటే ఇది కాదు" అంటున్నారు. నిరసన పౌర బాధ్యత కిందికి రాదా?

జవాబు: వస్తుంది. 1965లో అమెరికాలోని డెమోయిన్‌లో వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లబ్యాండ్లు కట్టుకొచ్చిన విద్యార్థులను సస్పెండ్ చేశారు. వాళ్లలో మేరీ బెత్ టింకర్ వయసు 13 ఏళ్లు. 1969లో అక్కడి సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చింది. బడి గేటు దాటినంత మాత్రాన హక్కులు పోవంది. అయితే చదువు సాగకుండా పెద్ద అంతరాయం కలిగిస్తే సంగతి వేరని కూడా అంది. ఆ తీర్పు ఆ దేశానిదే. మీ కాలేజీ నిబంధనలు ఏమంటున్నాయో ముందు చదవండి.

స్ట్రైక్ దాకా వెళ్లే ముందు, వేళలు తగ్గించింది ఎవరో కనుక్కోండి: లైబ్రేరియనా, ప్రిన్సిపాలా, ఖర్చుల కమిటీనా? తగ్గించిన ఆ గంటల్లో ఇదివరకు ఎంతమంది కూర్చునేవారో హాజరు పుస్తకంలో ఉంటుంది, అడిగి రాసుకోండి. సాయంత్రం పనికి వెళ్లే విద్యార్థులకు, ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్లకు ఆ గంటలెంత అవసరమో వాళ్ల మాటల్లోనే జతచేయండి. ఉత్తరం మీద తేదీ వేసి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని, జవాబుకు గడువు అడగండి. గడువు దాటినా జవాబు రాకపోతే, అప్పుడు మీరు వరండాలో పుస్తకాలు పట్టుకుని కూర్చున్నా మీ లెక్చరర్లలో కొందరైనా వచ్చి పక్కన కూర్చుంటారు.