లెక్క చూసే ముందు ప్రశ్న చూడు

చిరంజీవికి,

ఈటింగ్ డిజార్డర్ల మీద, అంటే తిండితో ముడిపడ్డ మానసిక జబ్బుల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివానమ్మా. పట్టుదలగా రాశావు. కానీ "ఇవి పాశ్చాత్య దేశాల్లో కలవారి ఆడపిల్లలకొచ్చే జబ్బులు" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. చాలాకాలం వైద్యులూ అలాగే అనుకున్నారు. మిగతా చోట్ల లెక్క తక్కువగా కనబడిందంటే, అక్కడ ఏం అడిగారో కూడా చూడాలి.

హాంకాంగ్ సంగతే తీసుకో. మానసిక వైద్యుడు సింగ్ లీ 1993లో 70 మంది అనొరెక్సియా (తిండి బాగా తగ్గించేసి చిక్కిపోయే జబ్బు) రోగుల వివరాలు ప్రచురించాడు. చిక్కి శల్యమైన మనుషులు. ఎందుకు తినడం లేదంటే సగానికి పైగా లావవుతామన్న భయం మాటే ఎత్తలేదు. కడుపు ఉబ్బరమన్నారు, ఆకలి లేదన్నారు. ఆ భయం ఉంటేనే జబ్బని రాసుకునే ప్రశ్నావళికి వీళ్ళెవరూ దొరకరు. 1994లో అక్కడ ఒక బడిపిల్ల నడివీధిలో కుప్పకూలి చనిపోయింది. లావు భయమే మూలమన్న పాశ్చాత్య నిపుణుల వివరణనే పత్రికలు ఎత్తి రాశాయి. తర్వాతి ఏళ్ళలో రోగులూ పెరిగారు, లావు భయం చెప్పేవాళ్ళూ పెరిగారు. పత్రికలే కారణమని తేల్చి చెప్పలేను. అయినా మన రాతలు రోగులూ చదువుతారన్నది మాత్రం మరిచిపోకు.

ఫిజీ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, ఒక్క సవరణతో. నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చిన కొత్తలో, 1995లో, తిండి పట్ల వైఖరిని కొలిచే పరీక్షలో ప్రమాదరేఖ దాటిన బడిపిల్లలు 12.7 శాతం. 1998కి 29.2. వీళ్ళందరికీ జబ్బుందని రాశావు. ఆ పరీక్ష అనుమానాన్ని చెబుతుందంతే, జబ్బును నిర్ధారించదు. పైగా రెండుసార్లూ చూసింది ఒకే పిల్లల్ని కాదు.

బింజ్ ఈటింగ్‌కి, అంటే అదుపు తప్పి ఒక్కసారిగా అతిగా తినే జబ్బుకి, ఒక్క వాక్యంతో సరిపెట్టడం అన్యాయం. 14 దేశాల్లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది వచ్చినవాళ్ళు 1.4 శాతం, బులీమియా (అలా అతిగా తిని, లావవకుండా ఆ తిండిని వదిలించుకోజూసే జబ్బు) 0.8 శాతం. మగవాళ్ళ ఊసే లేదేం? సిగ్గుతో వైద్యుడి దాకా వెళ్ళనివాళ్ళు వాళ్ళలో ఎందరో.

రోగుల బరువులు, వాళ్ళు తిండి మానేసిన పద్ధతులు పూర్తిగా తీసెయ్. ఆ అంకెలతో తమను పోల్చుకుని ఇంకా తగ్గాలనుకునేవాళ్ళు ఉంటారు. సరిచేశాక, కోలుకున్నవాళ్ళెవరైనా చదవడానికి ఒప్పుకుంటే ముందు వాళ్ళకి చూపించు. తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో.