యంత్రాలే పనిచేస్తే డబ్బుతో పనేముంటుంది?

ప్రశ్న: పనులన్నీ యంత్రాలే చేసే రోజు వస్తే వస్తువులు ఉచితమవుతాయని, డబ్బూ లాభమూ వాటంతటవే పోతాయని కాలేజీ చర్చలో ఒకరు వాదించారు. ఇది జరిగే పనేనా?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: వాటంతటవే మాత్రం పోవు. మనం పూనుకుంటే కొన్ని చోట్ల పోతాయి. ఈ ఆశ పాతదే. వందేళ్లకల్లా మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే చాలని 1930లోనే ఆర్థికవేత్త కీన్స్ రాశాడు. సంపన్న దేశాల్లో ఉత్పత్తి బాగా పెరిగింది, పని గంటలు మాత్రం అంతగా తగ్గలేదు. యంత్రం మిగిల్చిన కాలంలో కొంత భాగం దాని యజమానికి లాభంగా చేరింది. మిగతాది కొత్త కొత్త వస్తువుల మీది కోరికకు సరిపోయింది. అమెరికా డిజైనర్ జాక్ ఫ్రెస్కో (1916–2017) ఇంకాస్త ముందుకెళ్లాడు. ధరలు వదిలేసి నీరు, భూమి, లోహాలు, విద్యుత్తు ఎంతున్నాయో నేరుగా కొలవాలని, తయారీ యంత్రాలకు అప్పజెప్పి అందరికీ పంచాలని ప్రతిపాదించాడు. కొలవాలన్న మాట గట్టిది. కొరత వచ్చినప్పుడు ఎవరు ఆగాలన్న చోటే ఆయన ఆలోచన పలచబడుతుంది.

యంత్రం ముఖ్యంగా తగ్గించేది కూలి ఖర్చును. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కడగడం, టెంక తీయడం, వేడిచేసి క్రిములను చంపడం, డ్రమ్ముల్లోని సంచుల్లో నింపడం చాలావరకు యంత్రాల పనే. అయినా కాయ వచ్చేది ఏడాదిలో కొన్ని వారాలే. కాయ, బాయిలర్‌కు ఇంధనం, డ్రమ్ము, లారీ ఇవేవీ ఆటోమేషన్‌తో సున్నా కావు.

ధర లేని పంపకం ఎక్కడ నిలబడుతుందో తిరుమలలో కనిపిస్తుంది. నిత్యాన్నదానం 1985లో మొదలైంది. తినేదానికి హద్దుంది. కడుపు నిండినవాడు ఇంకో విస్తరి ముందు కూర్చోడు, కాబట్టి వరస ఒక్కటుంటే చాలు. వంటకు ఆవిరి కోసం 2002లో సూర్యుడి వెంట తిరిగే 106 సౌర పళ్లేలు పెట్టారు. రోజుకు దాదాపు 15 వేల మందికి వండే సామర్థ్యంతో కట్టిన ఏర్పాటు అది. మబ్బు పడితే డీజిల్ బాయిలర్ అందుకునేది. తినేచోట డబ్బు లేదు గానీ బియ్యం, పప్పుల వెనక విరాళాల డబ్బుంది. ఆ తేడా మరవకండి.

ప్రశ్న: ధరలకు బదులు కంప్యూటర్లే లెక్కలు వేసి సరుకులు పంపలేవా?
– పాఠకుడు, పుత్తూరు

జవాబు: చిలీ 1971లో ఈ ప్రయత్నం మొదలుపెట్టింది. బ్రిటిష్ నిపుణుడు స్టాఫర్డ్ బీర్ సాయంతో ప్రభుత్వ ఫ్యాక్టరీలను టెలెక్స్‌తో, అంటే టైపు చేసిన సందేశాలను తీగ మీద పంపే యంత్రాలతో, రాజధానికి కలిపారు. 1972 అక్టోబరులో లారీల సమ్మె వచ్చినప్పుడు ఎక్కడ సరుకు నిండుకుందో, ఏ దారి తెరిచి ఉందో ఆ టెలెక్స్‌ల ద్వారానే తెలుసుకుని ఉన్న లారీలను నడిపారు. 1973 సెప్టెంబరు సైనిక కుట్రతో అంతా ఆగింది. లెక్క యంత్రం వేస్తుంది. తప్పుడు అంకె పంపిన ఫ్యాక్టరీని పట్టుకోవడానికీ, ఏది ముందు తయారు కావాలో తేల్చడానికీ మనుషులే కూర్చోవాలి.

ప్రశ్న: మాకు కరెంటు ఉచితం, మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి. ఖర్చూ లేదు, మనిషి పనీ లేదు. మరి బోర్లెందుకు ఎండుతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతోంది?
– రైతు, పలమనేరు దగ్గర

జవాబు: ఈసారి వచ్చిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మీది. 2004లో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ వచ్చాక రాత్రి చేలో కాపలా తప్పింది. ధర పోయింది, శ్రమ పోయింది, వాటి చోట వంతు మాత్రం రాలేదు.

ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. 5 హెచ్.పి. మోటారు నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. మొదలయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు, అంటే 45 దాకా. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగేది 133 ఆంపియర్లు. దాని కింద 15 మోటార్లు నడిస్తే 112, ఇబ్బంది లేదు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి లేస్తే 675 ఆంపియర్లు. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు వేగం అందుకోలేక ఆ కరెంటును ఇంకా సేపు లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ కాలేది అప్పుడే. స్టార్టర్‌లో డిలే టైమర్ ఉంటే మొదటి మోటారుకు ఒక నిమిషం, రెండోదానికి రెండు, ఇలా వరసగా పెట్టించండి. టైమర్ లేకపోతే ఆటో స్విచ్ తీసేయడమే మేలు. ప్రతి మోటారుకూ కెపాసిటర్ బిగించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు, అది లైన్‌మన్ పని.

బోర్ల లెక్క ఇంకా కఠినం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సుమారు 4,047 లీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడి, మన రాతి నేలలో పదో వంతు ఇంకిందనుకుంటే ఎకరానికి భూమిలో చేరేది 3.6 లక్షల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలి, అంటే సుమారు 48.5 లక్షల లీటర్లు. కొంత మళ్లీ ఇంకినా, బోరు కింద ఒక ఎకరం వరి పది ఎకరాలకు పైగా నేలలో ఇంకిన నీటిని తాగేస్తుంది. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు చాలు. ఆటో స్టార్టర్‌కు ఈ లెక్క తెలియదు. నీళ్లు అక్కరలేని పూట కూడా అది తోడుతూనే ఉంటుంది.

చెరువుల కింద మన పెద్దలు దీన్ని మీటరు లేకుండానే నడిపారు. తూము తెరిచేది చెరువు నీళ్లు పంచే నీరుగంటి ఒక్కడే. ఏ మడికి ఎంతసేపన్నది ఆయకట్టు వాళ్లంతా కలిసి తేల్చేవారు. నీరుగంటికి కూలి కళ్లంలో గింజల రూపంలో అందేది. 2000ల్లో చిత్తూరుతో కలిపి ఏడు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల పథకంలో రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి లెక్క వేసుకున్నారు. మీరూ వాడకంలో లేని ఒక బోరును ఎంచుకుని, 15 రోజులకోసారి టేపు దించి మట్టం కొలవండి. చుట్టుపక్కల మోటార్లు ఆగి కొన్ని గంటలయ్యాక కొలవాలి, లేకపోతే అంకె తప్పొస్తుంది. అంకెలు అందరికీ కనిపించేలా గోడ మీద రాయండి. అక్టోబరులో ఆ అంకె చూసే వరి ఎన్ని ఎకరాలో తేల్చుకోండి. అలా తేల్చుకున్నాక టైమర్‌ను ఆ వంతుల ప్రకారం పెడితే యంత్రం నిజంగా సాయపడుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 24 ఇళ్లున్నాయి. ఇంటింటా డ్రిల్లు, నిచ్చెన ఎందుకు? ఉమ్మడిగా వాడుకోవాలంటే ఎలా?
– గృహిణి, తిరుపతి

జవాబు: మంచి ఆలోచన. అరుదుగా వాడేవాటితో మొదలుపెట్టండి: ఒక 13 మిల్లీమీటర్ల హ్యామర్ డ్రిల్లు, అల్యూమినియం నిచ్చెన, పెద్ద వంటగిన్నెలు, మడత కుర్చీలు. మిక్సీలాంటి రోజువారీ వస్తువు వద్దు, తగువులొస్తాయి. గోడకు కొట్టే 6, 8 మిల్లీమీటర్ల బిట్లు అరిగిపోయేవి, ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. డ్రిల్లు ఒక్కటి చాలు గానీ, ఆదివారం అందరూ అడుగుతారు కాబట్టి ఆ రోజును రెండు పూటలుగా పంచండి. తీసుకెళ్లేటప్పుడూ తిరిగిచ్చేటప్పుడూ నడిపి చూసి పుస్తకంలో రాయాలి. ఈ రాత లేకపోతే పాడు చేసిందెవరన్న గొడవతో ఏర్పాటే కూలుతుంది. గడువు రెండు రాత్రులు. బాగుచేయించడానికి కొద్దిపాటి నిధి ఉండాలి, అక్కడ డబ్బు తప్పదు. డ్రిల్లులో నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే. రెండూ ఒకేసారి మార్పించండి, ఒక్కటే మారిస్తే ఒరిపిడి సమంగా ఉండదు.